బందరు ఉప్పుగాలికి పాడైన ఎర్ర మారుతి 800: ఆటోనగర్ రంగు పని మీద పది నెలల తరువాత నా సమీక్ష

కొత్తగా రంగు వేసిన కారు షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజున ఎవరి పనితనమైనా బాగానే కనిపిస్తుంది. ఆ రంగు ఎలాంటిదో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటితే గాని తెలియదు. మా 1998 నాటి మారుతి 800కు కిందటి సంక్రాంతి వెళ్లిన వారంలో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మొత్తం రంగు వేయించాము. రోహిణి కార్తె ఎండలు, శ్రావణ భాద్రపదాల వానలు, అక్టోబరు నవంబరు నెలల తుపాను గాలులు అన్నీ దాని మీదుగా వెళ్లిన తరువాత, తొందరపడకుండా ఈ సమీక్ష రాస్తున్నాను. పాత బండికి రంగు వేయించాలనుకునే వారికి అంతిమంగా వచ్చిన మెరుపు కన్నా మధ్యలో జరిగిన పని వివరాలే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం. కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మాది మచిలీపట్నం, అంటే బందరు. ఇల్లు సముద్రానికి కొన్ని కిలోమీటర్ల ఇవతలే ఉన్నా, సాయంత్రం తిరిగే గాలిలో ఉప్పు ఉంటుంది. కిటికీ చువ్వలకు రెండేళ్లకొకసారి రంగు వేయకపోతే తుప్పు చారలు గోడ మీదికి దిగే ఊరు మాది. ఉపాధ్యాయుడిగా పనిచేసిన మా నాన్నగారు పొదుపు చేసుకుని కొన్న ఒకే ఒక్క కారు ఇది. ఏపీ 16 నంబరుతో ఇరవై ఏడేళ్లుగా మా వాకిట్లో వేపచెట్టు కింద ఉంటోంది. ఇంజను విషయంలో మాకు ఏనాడూ బెంగ లేదు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ ఇంజను ఇప్పటికీ ఉదయం చలిలో చోక్ లాగితే రెండో తిప్పుకు అందుకుంటుంది. పాడైనదల్లా పైన ఉన్న రంగు, దాని చాటున రేకు.

ఎంత పాడైందో చెబుతాను. టాప్ మీద, బానెట్ మీద ఎరుపు పూర్తిగా వెలిసి, పాత ఇటుక మీద సున్నం చల్లినట్టు తెల్లబారింది. అరచేత్తో రాస్తే చేతికి గులాబీ రంగు పొడి అంటేది. కుడివైపు వెనుక భాగంలో రంగు మీద వేసే పారదర్శకపు పూత, క్లియర్ కోటు, పెచ్చులుగా లేచి, వాన పడినప్పుడల్లా కొత్త పెచ్చు ఊడేది. రెండు తలుపుల కింది అంచుల్లో పొక్కులు, ఎడమ ముందు ఫెండరులో, అంటే చక్రాన్ని కప్పే రేకులో, చక్రం పక్కన వేలు పట్టేంత రంధ్రం. వేపచెట్టు మీది పక్షుల రెట్టలు పడి, కడగడం ఆలస్యమైన చోట్లలో గుండ్రటి మచ్చలు రంగులోకి దిగిపోయాయి. పక్షి రెట్టలోని ఆమ్లం ఎండ వేడికి మెత్తబడ్డ పొరను కొరుకుతుంది, సాయంత్రం పొర చల్లబడి బిగుసుకున్నాక ఆ గుంట అలాగే ఉండిపోతుంది. వేసవిలో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా చాలు.

ఇదంతా వయసు వల్లనే వచ్చిందని చెప్పడం న్యాయం కాదు. 2013లో బండికి పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించవలసి వచ్చినప్పుడు, తనిఖీకి తీసుకువెళ్లే ముందు మా ఊరికి దగ్గరలోని ఒక షాపులో నాలుగు రోజుల్లో రంగు వేయించాము. ఆ షాపు పేరు ఇక్కడ అవసరం లేదు. వెలిసిపోయి పొడి రాలుతున్న కంపెనీ రంగును సరిగా గీయకుండా, రబ్బరు బీడింగులు తీయకుండా, వాటి మీద పాత దినపత్రికలు అంటించి పైన కొట్టేశారు. మూడు వానాకాలాలు తిరిగేసరికి బీడింగు అంచుల దగ్గర మొదలైన లేపు క్రమంగా పలకల మధ్యకు పాకింది. 2018లో, 2023లో ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నప్పుడు కూడా బండి ఆ అతుకుల చొక్కాతోనే వెళ్లింది.

రంగు వేయించే ముందు పాలిష్‌తో సరిపెట్టుకోవచ్చేమోనని నేనూ ప్రయత్నించాను. రబ్బింగ్ కాంపౌండు, మైక్రోఫైబర్ గుడ్డ, అద్దెకు తెచ్చిన పాలిషింగ్ మెషీనుతో ఒక ఆదివారమంతా టాప్ మీద పని చేశాను. 2013 నాటి క్లియర్ కోటు అప్పటికే పూర్తిగా పోయిన ఆ టాప్ మీద సాయంత్రానికి ఎరుపు తిరిగి వచ్చింది, నాన్నగారు ఇంట్లోంచి బయటికి వచ్చి చూసి సంతోషించారు. మూడు వారాల్లో మళ్లీ తెల్లబారింది. దీనికి కారణం తెలుసుకుంటే డబ్బు వృథా కాదు. ఎరుపు రంగుకు వాడే ద్రవ్యాలలో చాలా వాటికి అతినీలలోహిత కిరణాలను తట్టుకునే శక్తి తక్కువ, ఆ ద్రవ్యాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థం కూడా ఎండకు విరిగి పొడి అవుతుంది. పాలిష్ చేస్తే పైన చచ్చిన పొర పోయి కింద కాస్త బతికి ఉన్న పొర బయటపడుతుంది. అంతే గాని పోయిన పొర తిరిగి రాదు. కంపెనీలో వేసే రంగు అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అంటే మనం రుద్దడానికి ఉన్న ఆస్తి ఒక వెంట్రుక మందం. క్లియర్ కోటు పెచ్చులు లేచిన చోటనైతే ఏ పాలిష్, ఏ మైనం, ఏ సిరామిక్ కోటింగ్ పనికిరావు. లేచిన అంచును అవి అతికించలేవు. స్టిక్కరు వలె అంటించే వినైల్ పొర వేయమని కూడా ఒకరు సలహా ఇచ్చారు. ఊడుతున్న రంగు మీద దాన్ని అంటిస్తే తీసేటప్పుడు మిగిలిన రంగు కూడా దానితోపాటే వస్తుంది కాబట్టి ఆ మాట విడిచిపెట్టాము.

ఆటోనగర్‌లో ఐదు చోట్ల బండి చూపించాను. లారీ బాడీలకు పేరు పడిన ఆ పేటలో కార్ల రంగు పని చేసేవారు వీధికి నలుగురు కనిపిస్తారు. నలుగురూ బానెట్ మీద చేయి వేసి ధర చెప్పారు. రూ. 18,000 నుంచి రూ. 30,000 వరకు, నాలుగు రోజుల నుంచి వారం వరకు. ఐదో చోట, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డులో, అరవైకి దగ్గరగా ఉన్న పెయింటింగ్ మేస్త్రిగారు బానెట్‌ను పట్టించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింది అంచున గోరుతో గీశారు, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఆ అంచు వెంట మెల్లగా నడిపించారు. రేకు ఉన్న చోట అది అంటుకుంది, ఒక చోట జారి నేల మీద పడింది. పుట్టీ మందంగా ఉన్న చోట అయస్కాంతం నిలవదు. "ఇక్కడ రేకు లేదు సార్, పైన ఉన్నదంతా పుట్టీయే. ఇది విప్పి చూస్తే గాని నేను ధర చెప్పలేను" అన్నారు. ధర చెప్పలేనన్న ఆ ఒక్క మాటకే బండిని ఆయనకు అప్పగించాను.

మొదటి రెండు రోజులు విప్పడానికే పట్టింది. లైట్లు, గ్రిల్లు, బంపర్లు, తలుపుల హ్యాండిళ్లు, అద్దాల చుట్టూ ఉన్న బీడింగులు, నంబరు ప్లేట్లు అన్నీ తీసి, ఏ పలక స్క్రూలు ఆ పలక పేరుతో పొట్లాలు కట్టి పెట్టారు. ఆ తరువాత ఆయన శిష్యుడు కంప్రెసర్ గాలి గొట్టాన్ని కుడి వెనుక భాగం మీద లేచిన పెచ్చు అంచుకు పెట్టి వదిలాడు. ఉల్లిపొర ఊడినట్టు క్లియర్ కోటు జానెడు వెడల్పున పలకలు పలకలుగా లేచి ఎగిరిపోయింది. ఏ పనిముట్టూ తగలకుండా, కేవలం గాలికి. 2013 నాటి పని ఎంత గట్టిగా పట్టుకుని ఉందో అంతకన్నా రుజువు అక్కరలేదు. ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకున్న, రంగు మందం కొలిచే మైక్రాన్ మీటరు అంతకు ముందే మరొక సంగతి చెప్పింది. రెండు రంగులు ఒకదాని మీద ఒకటి నిలిచి ఉన్న పక్క పలకల మీద 260 నుంచి 300 వరకు, తలుపుల కింద వెయ్యికి పైన చూపించింది. ఒక రంగు మీద మరొక రంగు, దాని మధ్య పుట్టీ. అంత బరువును కిందున్న పాత పొడి పొర మోయలేదు.

నిజమైన పాఠం కుడి తలుపు విప్పినప్పుడు దొరికింది. లోపలి అట్ట తీసి, మేస్త్రిగారు కింది అంచును స్క్రూడ్రైవరు పిడితో తట్టగానే ఎర్రటి తుప్పు పెళ్లలు దోసెడు రాలాయి. వాటి వెనుక తడి మట్టి, వేపాకులు. కారు తలుపు అద్దం పక్కనున్న సందులోంచి లోపలికి వాననీరు దిగడం మామూలే, కంపెనీవాళ్లు దానికోసమే తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. మా తలుపుకు ఆ రంధ్రాలు కనబడలేదు. 2013లో పుట్టీ, రంగు కలిపి వాటిని పూడ్చేశారు. అంటే పన్నెండేళ్లపాటు ప్రతి వానకూ నీళ్లు తలుపు కడుపులో నిలిచి, రేకును లోపలి నుంచి తిన్నాయి. మేము బయట చూసిన పొక్కులు ఆ రోగానికి చివరి గుర్తులు మాత్రమే. పొక్కు మీద గీసి పుట్టీ పెట్టి రంగు కొడితే ఆరు నెలల్లో మళ్లీ ఎందుకు వస్తుందో నాకు అప్పుడు కళ్లకు కట్టినట్టు అర్థమైంది. తుప్పు తేమను పీల్చుకుంటుంది, పైన ఎంత మెరుపు ఉన్నా కింద దాని పని అది చేసుకుంటూ పోతుంది. నాన్నగారికి ఆ తలుపు ఫోటో పంపితే చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ఫోన్ చేసి "దాన్ని మనమే చంపుకున్నామురా" అన్నారు.

టింకరింగ్, అంటే రేకు బాగు చేసే పని, పక్క షెడ్డులో జరిగింది. రెండు తలుపుల కింద మూడంగుళాల మేర కుళ్లిన రేకును కోసివేసి, కొత్త రేకు వంచి వెల్డింగు చేశారు. నీళ్ల రంధ్రాలు మొదటి నాటి చోటే మళ్లీ పెట్టారు. ఎడమ ముందు ఫెండరు బోల్టులతో బిగించేది కాబట్టి దాన్ని బాగు చేయడం కన్నా మార్చడమే మేలన్నారు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా ఇలాంటి భాగాలు ఆటోనగర్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. అయితే తక్కువ ధరకు వచ్చే ఫెండర్ల రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేంత పలుచగా ఉంటుంది, కొనేవారు రెండు మూడు పట్టి చూసి తీసుకోవడం మంచిది. బ్యాటరీ కింద పళ్లెం ఆమ్లం పడి తినేయగా దాన్ని కూడా మార్చారు. ఈ పని వెల్డింగు మచ్చలు కనబడనంత నున్నగా లేదు. తలుపు లోపలి వైపు అతుకులు చూసేవారికి తెలుస్తాయి. వాటి మీద సీలర్ పూసి, అన్నీ అయ్యాక తలుపుల పొట్టలోకి మైనం లాంటి తుప్పు నిరోధకం పిచికారీ చేశారు కాబట్టి నాకు దాని మీద అభ్యంతరం లేదు.

ఇనుము బయటపడిన ప్రతి చోటా ముందు తుప్పును రేకు తెల్లబడేదాకా తీసి, రంగుకు ముందు రేకుకు పట్టే పూతగా అదే పూట ఎపాక్సీ ప్రైమరు వేశారు. అదే పూట అన్నది ఇక్కడ ముఖ్యం. కృష్ణా తీరాన పుష్య మాసపు మంచుకు నగ్నంగా ఉన్న రేకు తెల్లవారేసరికి పసుపుపచ్చగా మారుతుంది. ఆ పైనే పుట్టీ. చాలా షెడ్లలో పుట్టీని నీళ్లు పోసి రుద్దుతారు, దుమ్ము లేవదు, పని త్వరగా అవుతుంది. కానీ పుట్టీ నీటిని పీల్చి దాచుకుంటుంది, అది ఎండకు ఆవిరై పైకి రావాలని చూసినప్పుడు రంగు ఉబ్బుతుంది. ఇక్కడ పుట్టీని 80, 180, 320 నంబరు గరుకు కాగితాలతో పొడిగానే రుద్దారు. ప్రైమరు పడిన తరువాతే 400, 600, 800 నంబర్ల వాటర్ పేపరు పట్టారు. ఆ దుమ్ములో రోజులకు రోజులు కూర్చుని రుద్దిన మేస్త్రిగారి శిష్యుడు, ఆ కుర్రవాడి ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

పలక చదునుగా వచ్చిందో లేదో చూసే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ప్రైమరు మీద నల్లరంగును చాలా పలుచగా చల్లి, చెక్క దిమ్మకు చుట్టిన కాగితంతో రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోట నలుపు పోతుంది, గుంటలో నలుపు మిగిలిపోతుంది. బానెట్ మీద అలా మిగిలిన మచ్చలు పద్నాలుగు లెక్కపెట్టాను. నా కంటికి ఆ పలక అంతకు ముందు అద్దంలా చదునుగా ఉంది. మేస్త్రిగారైతే ఆ మచ్చల మీద తడిగుడ్డ పరిచి, గుడ్డ మీదుగా అరచెయ్యి జరుపుతూ, కళ్లు మూసుకుని "ఇక్కడొకటి ఉంది, ఇక్కడ కూడా" అని సున్నాలు చుట్టారు. తడిగుడ్డ ఎందుకని అడిగితే, చేయి జారితేనే లోపం తెలుస్తుందన్నారు.

రంగు ఎంచుకోవడం దగ్గర మా ఇంట్లో కొంత చర్చ జరిగింది. నాన్నగారికి మొదట వచ్చినట్టే క్లియర్ కోటు లేని, ఒకే పొరగా నిగనిగలాడే ఎరుపు కావాలి. అలాంటి రంగు వెలిసినా స్వయంగా పాలిష్ చేసుకోవచ్చని ఆయన వాదన, అందులో నిజముంది. మేస్త్రిగారి వాదన మరొకటి. ఎరుపు ఎండకు ఓర్చుకోలేదు కాబట్టి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు కలిసిన క్లియర్ కోటు పైన ఉంటే రంగు ద్రవ్యం ఎక్కువ కాలం నిలుస్తుంది, 2013లో తప్పు క్లియర్‌ది కాదు, దాన్ని పలుచగా, పొడి రాలే పొర మీద వేయడంలో ఉంది. చివరికి ఆయన మాటే నెగ్గింది. గట్టిపడే రసాయనం కలిపే టూ-కె రకం బేస్ కోటు (అసలు రంగు పొర), దాని మీద రెండు పూతల క్లియర్ అని నిశ్చయించుకున్నాము. షేడు కోసం వెలిసిన పలకను కాకుండా పెట్రోలు మూత లోపలి భాగాన్ని నమూనాగా తీసుకున్నారు. ఇరవై ఏడేళ్లుగా ఎండ ముఖం చూడని ఎరుపు అక్కడ మాత్రమే మిగిలింది. రంగు మార్చే ఆలోచన ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆర్‌సీలో వాహనం రంగు నమోదై ఉంటుంది కనుక వేరే రంగు వేయిస్తే రవాణా కార్యాలయంలో మార్పు నమోదు చేయించుకోవాలి. మేము ఎరుపులోనే ఉండిపోవడం వల్ల ఆ పని తప్పింది.

వీరి దగ్గర వేడితో ఆరబెట్టే మూసిన రంగుల గది, అంటే పెయింట్ బూత్ లేదు. పరదాలు దించిన షెడ్డులో నేల తడిపి, ఉదయపు మంచు పూర్తిగా ఆరిన తరువాత పదకొండింటి నుంచి రెండింటి లోపల రంగు కొట్టారు. ఎరుపు కింది పొరను కప్పడంలో బలహీనమైనది, కింద ఒకచోట బూడిద రంగు, మరొకచోట తెలుపు ఉంటే పైన తేడా కనిపిస్తుంది. అందుకని బండి మొత్తానికి ఒకే ప్రైమరు వేసి, దాని మీద నాలుగు పూతలు పలుచగా వేశారు. పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగారు. క్లియర్ వేసిన మొదటి రోజున బానెట్ మీద నూనె చుక్కలు పడినట్టు చిన్న చిన్న గుంటలు వచ్చాయి. సిలికాన్ ఉన్న పాలిష్ గతంలో వాడి ఉంటే, దాని అవశేషం ఏ మూలనో మిగిలి ఇలా చేస్తుంది. నేను డ్యాష్‌బోర్డుకు వాడిన మెరుపు ద్రవాన్ని ఒకసారి బానెట్ మీద కూడా రాసిన మాట నిజమే కాబట్టి ఆ లోపం నాదే. వాళ్లు ఒక్క మాట అనకుండా మరునాడు బానెట్ మొత్తం గీసి, కడిగి, మళ్లీ వేశారు. అదనంగా డబ్బు అడగలేదు.

లోపాలు కూడా స్పష్టంగా చెప్పాలి. బూత్ లేనందువల్ల టాప్ మీద ధూళి నలుసులు పడ్డాయి. 1500, 2000 నంబరు కాగితాలతో తీసి పాలిష్ చేసినా, ఎండలో వంగి చూస్తే మూడు నాలుగు ఇంకా కనిపిస్తాయి. పక్క పలకల మీద బత్తాయి తొక్క లాంటి గరుకు స్వల్పంగా ఉంది. ఇంజను గదిలో కొన్ని వైర్ల మీద రంగు పొగమంచులా పడింది, అక్కడ మాస్కింగ్ (రంగు పడకుండా కప్పడం) ఇంకాస్త శ్రద్ధగా చేసి ఉండవలసింది. పదిహేను రోజులని చెప్పిన పని ఇరవై ఏడు రోజులు పట్టింది. ఆలస్యానికి కారణాలు న్యాయమైనవే గాని, ముందుగా ఫోన్ చేసి చెప్పే అలవాటు వారికి లేదు. బందరు నుంచి డెబ్బై కిలోమీటర్లు రెండుసార్లు ఊరికే వచ్చి వెళ్లాను.

అన్నిటికన్నా నన్ను బాధించినది వేరే ఉంది. గట్టిపడే రసాయనం కలిపిన టూ-కె రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర్లు పీల్చేవారికి ఉబ్బసం రావచ్చు, ఒకసారి వస్తే తరువాత కొద్దిపాటి తుంపరకే ఊపిరి ఆడకపోవచ్చు. ఆ కుర్రవాడు మొదటి రోజున ముఖానికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే గన్ను పట్టాడు. బొగ్గు కార్ట్రిడ్జులున్న మాస్కులు రెండు కొని ఇచ్చాను. కుర్రవాడు ఆనాటి నుంచి వాడుతున్నాడు. మేస్త్రిగారు మాత్రం ఊపిరి బిగబట్టినట్టుంటుందని పక్కన పెట్టేశారు, ఆయన దగ్గు షెడ్డు బయటికి వినిపిస్తూనే ఉంది. మీరు ఎక్కడ పని చేయించినా ఆ సంగతి ఒకసారి చూడండి, మాస్కు లేకపోతే రంగు డబ్బుతోపాటు దానికీ ఇవ్వండి. మన బండి మెరుపు కోసం ఇంకొకరి ఊపిరితిత్తులు పాడు కాకూడదు.

ఖర్చు మొత్తం రూ. 52,000 అయింది. టింకరింగు, ఫెండరు కలిపి రూ. 14,000, రంగు పని సామానుతో సహా రూ. 34,000, కొత్త బీడింగులకు, చిల్లరకు రూ. 4,000. బండిని అమ్మకానికి పెడితే అంత సొమ్ము రాదు. అమ్మే ఉద్దేశంతో ఉన్నవారికి ఈ పని నేను సూచించను. ఉంచుకోవాలనుకునే వారికి మాత్రం చెబుతాను, రూ. 18,000 పని రెండుసార్లు చేయించుకోవడం కన్నా ఇది మేలు.

మొదటి నెల రోజులు మైనం పూయవద్దని, కవరు కప్పవద్దని, మంచినీళ్లతో మాత్రమే కడగమని చెప్పారు. లోపలి ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి ఆ గడువు కావాలి. అలాగే చేశాము. ఆ తరువాత బండిని వేపచెట్టు కిందనుంచి తీసి వరండా పక్కన రేకుల పందిరి వేయించి పెట్టాము. ఇప్పుడు పది నెలల తరువాత చూస్తే టాప్, బానెట్ మొదటి రోజులాగే ఉన్నాయి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినా రంగు అంటదు. మైక్రాన్ మీటరు చాలా చోట్ల 200కు అటూ ఇటూ, పుట్టీ ఉన్న తలుపుల కింద 500 లోపు చూపిస్తోంది. తలుపుల అంచుల్లో ఎక్కడా పొక్కు లేదు. అక్టోబరులో మూడు రోజులు విడవకుండా కురిసినప్పుడు నేను పందిట్లో నిలబడి చూశాను. కుడి తలుపు అడుగున ఉన్న రెండు రంధ్రాల్లోంచి నీళ్లు సన్నటి ధారగా కారుతూనే ఉన్నాయి.

నవంబరులో మాత్రం ఎడమ వెనుక చక్రం పైన వంపు అంచు లోపలి వైపున బియ్యపు గింజంత పొక్కు కనిపించింది. ఫోటో పంపితే అదే సాయంత్రం మేస్త్రిగారు ఫోన్ చేసి, ఆ మడతలో తుప్పు మిగిలిపోయినట్టుందని, అది తమ పొరపాటేనని, బండి తెస్తే అంచు విప్పి చేసి ఇస్తామని అన్నారు. కిందటి వారం తీసుకువెళ్లాను. మడతను తెరిచి, లోపల శుభ్రం చేసి, అరచేయంత మేర మాత్రమే రంగు వేసి, పాత రంగులోకి కలిపేశారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అతుకు ఎక్కడ మొదలైందో ఎండలో పెట్టి వెతికాను, నాకు కనబడలేదు. నాన్నగారు కళ్లజోడు సరిచేసుకుని, వంగి, తన వేలితో ఆ అంచు వెంట ఒకసారి రాసి చూశారు.